నలుపు పక్కన నలుపు

కళ్ళజోళ్ళ షాపు పైన ఒక గది ఉంది. మొదట్లో అందులో ఖాళీ పెట్టెలు పడేసేవారు. పోనుపోనూ అది పాత కంప్యూటర్ల గది అయిపోయింది. ఆదివారం మధ్యాహ్నం షాపు మూశాక నలుగురు మనుషులు అక్కడ చేరేవారు. మెట్లు ఇరుకు. బరువైన మానిటరు పైకి రావాలంటే ఒకరు వెనక్కి నడుస్తూ ఎక్కాలి, కింద పట్టుకున్నవాళ్ళు తిట్లు తింటూ ఎక్కాలి. అంత కష్టపడి తెచ్చిన యంత్రం చేసే పనిని ఇప్పటి ఫోను రెప్పపాటులో చేసేస్తుందని వాళ్ళకూ తెలుసు. అయినా అదొక పిచ్చి.

"కొందరికి పేకాట, మనకిది. దీంట్లో కనీసం కొంప మునగదు," అనేవాడు ప్రెస్ బాబాయి.

ప్రెస్ బాబాయికి ఒకప్పుడు అచ్చాఫీసు ఉండేది. అది మూతబడ్డాక అందులోని కంప్యూటర్లను తుక్కువాడికి ఇవ్వడానికి మనసొప్పక ఈ గదికి చేర్చాడు. వాటి వెనకే తనూ చేరాడు. రెండో మనిషి లెక్కల టీచరు. ఆమె చదువుకునే రోజుల్లో కాలేజీ మొత్తానికీ ఒకటే కంప్యూటరు. దాన్ని అద్దాల గదిలో పెట్టి, చెప్పులు బయట విడిచి రమ్మనేవారు. తన వంతు వచ్చేసరికి గంట కొట్టేసేవారు. అప్పటినుంచి ఆమెకు ఆ యంత్రం మీద తీరని మోజు. ఏళ్ళ తరబడి వెతికి, ఒక బడి సామాన్ల గదిలో అదే రకం దొరికితే ఇంటికి తెచ్చుకుని, ఒక్కొక్క భాగమే సంపాదించి బతికించుకుంది. మూడో మనిషి షాపు ఓనరు. కళ్ళజోళ్ళాయన అంటే ఊళ్ళో ఎవరైనా చెబుతారు. ఎదుటి మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

నాలుగో మనిషి కళ్ళజోళ్ళాయనకు స్వయానా బావ, అక్క మొగుడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ గదికి ఆయనే పెద్ద దిక్కు. కళ్ళు మూసుకుని కేబుల్ కొసను బొటనవేలితో తడిమి, అది ప్రింటరుదో, ఫ్లాపీదో, దేనికీ పనికిరానిదో చెప్పేసేవాడు. అందుకే అందరూ ఆయన్ని తీగల అన్నయ్య అనేవారు. ఆయన భార్య, అంటే కళ్ళజోళ్ళాయన అక్క, మిగతా అందరికీ వదిన. ఇంట్లో వెనక గది నిండా మేకులకు వేలాడే కేబుళ్ళే. "ఆ గదిలోకి పాము దూరినా దానికే దారి తెలీదు," అని వదిన నవ్వేది.

ఆయన నెంబరు ఆ నోటా ఈ నోటా పడి ఎక్కడెక్కడికో పోయింది. ముఖం ఎరగనివాళ్ళు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, మా మానిటరులో బొమ్మ వంకరగా వస్తోంది," అని అడిగేవారు. ఆయన చేస్తున్న పని ఆపి, కుర్చీ లాక్కుని, వాళ్ళచేత ఒక్కొక్క స్క్రూ విప్పించి, తిరిగి బిగించేదాకా ఫోను పెట్టేవాడు కాదు. విసుక్కోవడం ఆయనకు చేతకాదు. నోట్లో నాలుక లేని మనిషి అనేవారు, తీగల గురించి తప్ప.

ఆయన అందరికీ మొదట నేర్పే పాఠం ఒకటుంది. ఆ పాత యంత్రాల్లో కరెంటు తెచ్చే ప్లగ్గులు రెండుంటాయి, అచ్చం కవలల్లా. ఒకదాని చోట ఇంకొకటి పెట్టినా చక్కగా దిగిపోతాయి. కానీ అలా పెట్టి స్విచ్చి వేస్తే బోర్డు కాలి చస్తుంది. గుర్తు ఒక్కటే. రెండు ప్లగ్గుల్లోని నల్లతీగలూ మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి. "నలుపు పక్కన నలుపు. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు మర్చిపోయినా ఇది మర్చిపోకూడదు," అనేవాడు.

మొదటి తేడా కనిపించినప్పుడు ఎవరూ దాన్ని తేడా అనుకోలేదు. ఒక ఆదివారం ఆయన చేతిలో కేబుల్ పట్టుకుని చాలాసేపు తడిమాడు. కళ్ళు తెరిచి చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"ఏంటి బావా, అది మా అక్క జడనుకున్నావా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"మీ అక్క జడైతే ముట్టుకోగానే షాక్ కొడుతుందిగా," అన్నాడాయన. అందరూ నవ్వారు. అది దేని కేబులో మాత్రం చెప్పకుండానే పక్కన పెట్టేశాడు.

తర్వాత ఒకసారి టంకం వేసే కడ్డీ వేడెక్కి ఉండగానే జేబులో పెట్టుకోబోయాడు. ఇంకోసారి, అరగంట కిందట చెప్పిన సంగతే ప్రెస్ బాబాయికి మొదటినుంచీ చెప్పాడు. బాబాయి మర్యాదకు మొదటిసారి విన్నట్టే తలూపాడు. కళ్ళజోళ్ళాయన ఊరుకోలేదు. "కళ్ళకి జోడు నేనిచ్చాను బావా. బుర్రకి కూడా ఒకటి చూడమంటావా?" అన్నాడు. బావాబావమరుదుల సరసం కదా అని అందరూ మళ్ళీ నవ్వారు. తీగల అన్నయ్య కూడా నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆ ఏడు బడి సెలవుల్లో లెక్కల టీచరు తన యంత్రాన్ని విప్పింది. పవర్ సప్లైలో ఫ్యాను తిరగడం లేదు. దుమ్ము దులిపి, చుక్క నూనె వేసి, మళ్ళీ బిగించబోతూ అలవాటు కొద్దీ అన్నయ్యకు ఫోన్ చేసింది. ఆమెకు తెలియక కాదు. ముఖ్యమైన పని చేసేముందు ఆయనకొక మాట చెబితే ధైర్యం.

"అన్నయ్యా, ప్లగ్గులు పెట్టేస్తున్నాను. నలుపు పక్కన నలుపేగా?"

అటు కుర్చీ లాగిన చప్పుడైంది.

"కాదమ్మా. నలుపులు రెండూ చెరో చివరకి రావాలి. ఎర్రవి మధ్యలో."

"అదేంటన్నయ్యా, మీరెప్పుడూ నలుపు పక్కన నలుపనే కదా చెప్పేది?"

"నేనా? నేనెప్పుడు చెప్పాను?" ఆ గొంతు ఆమె ఎన్నడూ వినని గొంతు. "పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ తీగలతోనే బతికాను. నాకే నేర్పుతున్నావా? నలుపులు చివరలకి. చెప్పింది చెయ్యి."

ఆమె ఫోను పెట్టేసి ప్లగ్గుల వంక చూస్తూ కూర్చుంది. ఆయన మాట తప్పైన రోజు ఇంతవరకూ లేదు. ఈ బోర్డు రకం వేరేమో, తనకే తెలియదేమో అనుకుంది. ఆయన చెప్పినట్టే పెట్టి స్విచ్చి వేసింది.

చిటపటమని చప్పుడైంది. బోర్డు మూలనుంచి సన్నటి పొగ లేచింది. పరుగెత్తి గోడ దగ్గర ప్లగ్గు పీకేసరికే గది నిండా కాలిన వాసన. ఆమె నేలమీదే కూలబడింది. ఏడుపు రాలేదు. కిటికీ తెరిచి, ఆ వాసన పోయేదాకా అలాగే కూర్చుంది. యంత్రాన్ని మళ్ళీ ముట్టుకోబుద్ధి కాలేదు.

అన్నయ్యకు ఫోన్ చేయలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం నాడు మాత్రం బోర్డు పోయిందంటూ యంత్రాన్ని ఉన్నదున్నట్టుగా మోసుకొచ్చింది.

తీగల అన్నయ్య మూత తీసి లోపలికి తొంగిచూశాడు. చూసిన మరుక్షణం ముఖం మాడిపోయింది.

"ఈ ప్లగ్గులు ఎవరు పెట్టారు?"

టీచరు బల్లమీది స్క్రూలను ఒకచోట చేర్చింది.

"ఎవరు పెట్టారమ్మా?"

"నేనే అన్నయ్యా."

"నలుపులు రెండూ బయటికున్నాయి. ఇన్నేళ్ళుగా నెత్తీ నోరూ బాదుకుని చెబుతున్నదేంటి? పదిమందికి లెక్కలు చెప్పేదానివి, ఈ ఒక్క ముక్క గుర్తుండదా? ఎంత వెతికితే దొరికిందీ బోర్డు? ప్రాణమున్న వస్తువుని చేతులారా చంపుకున్నావు కదమ్మా."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది ఆమె యంత్రమే అయినా నష్టం తనదైనట్టు ఆ కాలిన మూలను వేలితో తుడుస్తున్నాడు. టీచరు తల వంచుకుంది.

"పొరపాటైపోయింది అన్నయ్యా. ఏదో ధ్యాసలో ఉన్నాను."

"పోనీలేవయ్యా, పోయినదాని కోసం తిడితే లేచొస్తుందా," అని ప్రెస్ బాబాయి సర్దిచెప్పబోయాడు. తీగల అన్నయ్య వినలేదు. ఆ పూటంతా ఆమెతో మాట్లాడలేదు.

కళ్ళజోళ్ళాయన మాత్రం టీచరు ముఖాన్నే చూస్తున్నాడు. స్విచ్చి వేసేముందు ప్లగ్గును రెండుసార్లు చూసి, మూడోసారి వేలితో తాకి చూసే మనిషి ఆమె. ధ్యాస తప్పిందంటే నమ్మేలా లేదు. అందరూ దిగిపోయాక మెట్ల దగ్గర ఆమెను ఆపాడు.

"నిజం చెప్పు. ఎవరైనా అలా పెట్టమన్నారా?"

ఆమె కాసేపు గోడవైపు చూసింది. "అడక్కండి," అంది. "తెలిస్తే ఆయన తట్టుకోలేరు."

ఇంకేమీ అడగనక్కర్లేకపోయింది. మర్నాడు షాపు తెరవకుండా తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. బావ వెనక గదిలో ఉన్నాడు. అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది. తమ్ముడు విషయం ఎత్తగానే, "వయసొచ్చిందిరా, అందరూ మర్చిపోతారు. నువ్వు మర్చిపోవా?" అంది.

"అక్కా, నా దగ్గర దాచకు."

ఆమె చేతిలోని చొక్కాను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"ఆ టీచరు పిల్లతో ఆయన ఫోన్లో మాట్లాడినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఈ ఇంట్లో నా పేరు కన్నా ఆ నలుపు పక్కన నలుపన్న మాటే ఎక్కువసార్లు విన్నాన్రా. తప్పు చెబుతున్నారని తెలుస్తూనే ఉంది. మధ్యలో అందుకుని చెబుదామంటే నోరు రాలేదు. ఆయన మాట మీద నా మాట ఎలా పెట్టను? తర్వాతైనా ఆ పిల్లకి ఫోన్ చెయ్యాల్సింది. అదీ చెయ్యలేదు."

"ఎన్నాళ్ళనించి ఇలా?"

"మొన్నామధ్య పొద్దున్నే తయారై, డ్యూటీ ఉంది, డబ్బా కట్టమన్నారు. సరదాకి అంటున్నారేమో అనుకుని కట్టిచ్చాను. ఎక్స్ఛేంజి ఉన్న చోట ఇప్పుడు బట్టల షాపేగా. అక్కడ బొమ్మకి కట్టిన చీరని పక్కకి జరిపి, మెయిన్ బోర్డు ఎక్కడుందని అడిగారట. వాళ్ళు ఫోన్ చేస్తే వెళ్ళి తీసుకొచ్చాను. దారిలో ఇద్దరం డబ్బా విప్పుకుని తిన్నాం."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే డాక్టరు దగ్గరకి పదమంటావు. డాక్టరు దానికో పేరు పెడతాడు. పేరు పెట్టాక ఇంక పెంచుకోవాల్సిందేగా."

తమ్ముడికి తను అన్న మాట గుర్తుకొచ్చింది, బుర్రకి జోడు చూడమంటావా అన్నది. అక్క ముందు కూర్చోలేక, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

డాక్టరు దగ్గరకు అన్నయ్య, వదిన, కళ్ళజోళ్ళాయన ముగ్గురూ వెళ్ళారు. డాక్టరు మూడు మాటలు చెప్పి, గుర్తుపెట్టుకోమని, ఆ మాటా ఈ మాటా మాట్లాడి, ఇప్పుడా మూడూ చెప్పమన్నాడు.

"మీరు వాటిని కాగితం మీద రాసుకున్నారు కదండీ. మళ్ళీ నన్ను అడగడం దేనికి?" అన్నాడు తీగల అన్నయ్య.

డాక్టరు నవ్వాడు. వదిన నవ్వలేదు. పరీక్షలు చేయించారు, తలకు ఫొటోలు తీయించారు. చివరికి డాక్టరు ఆయన్ని కూర్చోబెట్టుకునే అంతా చెప్పాడు. ఇది నెమ్మదిగా పెరిగే జబ్బు. మందులు కొంచెం నిదానింపజేస్తాయి గానీ వెనక్కి తిప్పలేవు. తీగల అన్నయ్య శ్రద్ధగా విన్నాడు.

"అంటే లైను ఉంది, మాట అందడం లేదు. అంతేగా?" అన్నాడు.

"అలాగే అనుకోండి."

"మా ఎక్స్ఛేంజిలో అలాంటివి వస్తే ముందు చందాదారుడికి చెప్పేవాళ్ళం. మీరూ చెప్పారు. మంచిది," అని లేచి దండం పెట్టాడు.

ఇంటికి వెళ్ళే దారిలో ఉన్నట్టుండి ఆటో ఆపించి, లెక్కల టీచరు ఇంటికి పోనివ్వమన్నాడు. వదిన, కళ్ళజోళ్ళాయన ముఖముఖాలు చూసుకున్నారు. టీచరు పరీక్ష కాగితాలు దిద్దుతోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"అమ్మాయీ, అబద్ధం చెప్పకు. ఆ ప్లగ్గులు అలా పెట్టమన్నది నేనేనా?"

ఆమె వదిన వైపు చూసింది. వదిన కళ్ళు దించుకుంది. ఇక దాచి లాభం లేదని తెలిసింది.

"అవునన్నయ్యా."

ఆయన దగ్గరున్న కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"నలుగురిలో అన్ని మాటలన్నాను. ఎందుకు పడ్డావు?"

"మీరు నాకు నేర్పినదాంట్లో అదెంత అన్నయ్యా?"

"నేను తప్పు చెబితే తప్పని చెప్పాలి కదమ్మా."

"ఒకసారి అన్నాను. మీరు కోప్పడ్డారు."

"కోప్పడ్డానా?" అన్నాడాయన. ఆ సంగతీ గుర్తులేదు. "అయితే ఇంక నన్నేమీ అడక్కండి. ఎవరూ అడక్కండి. గురి తప్పిన చేతికి కత్తివ్వకూడదు."

టీచరు టీ పెడతానన్నా ఆగలేదు. వెళ్ళేముందు యంత్రం ఉండే బల్ల వైపు చూశాడు. బల్ల ఖాళీగా ఉంది. చెప్పులు వేసుకున్నాడు. ఎడమది కుడికాలికి వేసుకుంటుంటే వదిన వంగి సరిచేసింది.

ఆ తర్వాత ఆయన షాపు మెట్లు ఎక్కలేదు. మిగిలిన ముగ్గురూ రెండు మూడు వారాలు చేరారు గానీ, ఏదైనా చిక్కు రాగానే ముగ్గురి చూపూ ఆయన కుర్చీ మీదకే పోయేది. ప్రెస్ బాబాయి ఒకరోజు, "పదండి, అక్కడికే పోదాం. ఆయన రాకపోతే మనకి కాళ్ళు లేవా," అన్నాడు. అప్పటినుంచి ఆదివారాలు అన్నయ్య ఇంటి వెనక గదికి మారాయి. ఆయన వాళ్ళతో కూర్చునేవాడు. అడిగితే మాత్రం, "నన్ను అడగొద్దన్నానుగా," అనేవాడు.

పైవాళ్ళకు ఈ సంగతులు తెలియవు. ఫోన్లు వస్తూనే ఉండేవి. వదినే ఎత్తి, "ఆయన స్నానానికెళ్ళారండీ, మీ ఇబ్బందేంటో చెప్పండి, కనుక్కుని చెబుతాను," అనేది. వాళ్ళు చెప్పినదంతా నోట్లో నెమరువేసుకుంటూ టీచరుకు ఫోన్ చేసి, జవాబు విని, మళ్ళీ వాళ్ళకు అప్పజెప్పేది. మొదట్లో కెపాసిటరును కాపలాదారు అనేది. "ఆ కాపలాదారు ఉబ్బిందట అమ్మాయీ, ఏం చెయ్యమంటావు?" అని అడిగితే టీచరుకు నవ్వాగేది కాదు. నవ్వీ నవ్వీ ఫోను పెట్టాక కళ్ళు తుడుచుకునేది.

ఒకరోజు వదిన అలాగే ఫోన్లో చెబుతుంటే, వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఒక్క రోజులో ఎన్నిసార్లు స్నానం చేయిస్తావే నాచేత? చర్మం ఊడొస్తుంది."

వదిన గిరుక్కున తిరిగింది. ఆ పూట ఆయన కళ్ళు తేటగా ఉన్నాయి.

"వాళ్ళకి నిజం చెప్పు," అన్నాడు. "తీగల అన్నయ్యకి మతిమరుపు జబ్బొచ్చింది, ఇంక ఆయన్ని నమ్మకండని చెప్పు. తెలీక నమ్మారంటే ఇంకో బోర్డు కాలుతుంది."

"నా నోటితో ఎలా చెప్పమంటారు?"

"నేను చెప్పేవాణ్ణే. ఎవరికి చెప్పానో ఎవరికి చెప్పలేదో గుర్తుండదుగా."

అప్పటినుంచి వదిన నిజమే చెప్పింది. అవతలివాళ్ళలో కొందరు వెంటనే ఫోను పెట్టేసేవారు. కొందరు చాలాసేపు ఉండి, ఆయన తమకెప్పుడో చేసిన సాయం చెప్పుకునేవారు. ఒకతను ఓడ మీద మెకానిక్కు. నడిసముద్రంలో ఏదో పాత యంత్రం మొరాయిస్తే, అన్నయ్య పూటంతా ఫోన్లో ఉండి దాన్ని నడిపించాడట. "ఆయన దగ్గరున్న మిషన్లేమైనా పాడైతే చెప్పమ్మా, నాకు రేవుల్లో తెలిసినవాళ్ళున్నారు," అన్నాడతను. వదిన ఆలోచించకుండా లెక్కల టీచరు బోర్డు సంగతి చెప్పింది. ఏ రకమో, దాని మీద ఏ అక్షరాలుంటాయో తడుముకోకుండా చెప్పింది. అవన్నీ తనకెప్పుడు వచ్చాయో ఆమెకే తెలియదు.

చాలా నెలలకు ఒక పార్సిలు వచ్చింది. లోపల దూది, పాత దుప్పటి ముక్క, వాటి మధ్యలో బోర్డు. పంపింది ఆ మెకానిక్కే.

ఈలోగా అన్నయ్య జబ్బు బాగా ముదిరింది. మనుషులను పోల్చుకునేవాడు గానీ, ఎవరు తనకేమవుతారో తికమకపడేవాడు. ప్రెస్ బాబాయిని తన పై ఆఫీసరనుకుని లేచి నిలబడేవాడు. బాబాయి మొదట నొచ్చుకున్నాడు. తర్వాత, "కూర్చోవయ్యా, సెలవు మంజూరు చేశాను," అనడం నేర్చుకున్నాడు. ఆ మాటకు ఆయన ముఖం వెలిగేది. వెనక గదిలోని కేబుళ్ళను ఆయన మేకుల నుంచి తీసి, ఒకదానితో ఒకటి ముడివేసేవాడు. ఆ ముళ్ళు విప్పబోతే కలత పడేవాడు. అందుకని ఎవరూ విప్పలేదు. ఇంటి స్విచ్చిబోర్డులకు మాత్రం కళ్ళజోళ్ళాయన మూతలు పెట్టించి, స్క్రూడ్రైవర్లన్నీ తన షాపుకు పట్టుకుపోయాడు. ఆ సంచి మోస్తూ వీధిలోకి వచ్చాక, దొంగతనం చేసినవాడిలా వెనక్కి తిరిగి చూశాడు.

టీచరు కొత్త బోర్డును తన యంత్రంలో అన్నయ్య ఇంట్లోనే బిగించింది. అలా చేయాలని ఆమే పట్టుబట్టింది. ఆదివారం మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ పడుతోంది. ప్లగ్గులు పెట్టేముందు ఆమె ఆగి ఆయన వైపు చూసింది. ఆయన ఒళ్ళో ఉన్న కేబుల్ ముడినే చూసుకుంటున్నాడు. ఆమె నల్లతీగలను వేలితో తాకి, పక్కపక్కన చేర్చి నొక్కింది. బాబాయి కుర్చీని ఒకడుగు వెనక్కి జరుపుకుని, "ఊఁ, కానివ్వు," అన్నాడు.

ఫ్యాను తిరిగింది. యంత్రం కీచుమంది. తెరమీద పచ్చటి అక్షరాలు ఒక్కొక్క వరసే పాకి ఆగాయి. చివరి వరసలో చిన్న గీత ఒకటి వెలిగి ఆరుతూ నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీచరు గట్టిగా ఊపిరి వదిలింది.

తీగల అన్నయ్య తలెత్తి తెరవంక చూశాడు. లేచి దగ్గరకొచ్చాడు.

"టీవీనా ఇది? కార్యక్రమం ఎప్పుడు మొదలవుతుంది?"

వదినే, "ఇదిగో, ఇప్పుడే అండీ. కూర్చోండి," అని కుర్చీ వేసింది.

ఆయన కూర్చుని ఆ గీతనే చూస్తున్నాడు. వెలుగుతోంది, ఆరుతోంది.

"ఎవరో పిలుస్తున్నట్టుంది," అన్నాడు. "ఎవరూ పలకరేం?"

"మీరు పలకండి అన్నయ్యా," అని టీచరు కీబోర్డును ఆయన ముందుకు జరిపింది.

ఆయన చూపుడువేలితో, ఒక్కొక్కదాన్నీ ఎంచుకుంటూ, ఏవో అక్షరాలు నొక్కాడు. చివర పెద్ద మీట నొక్కింది మాత్రం తడబాటు లేకుండా. అది వేలికి గుర్తుంది. యంత్రం ఒక వరస తిరిగి రాసి, మళ్ళీ గీత వెలిగించింది.

"ఏమంటోంది?"

టీచరు తెర చూసింది. "అర్థం కాలేదంటోంది అన్నయ్యా."

ఆయన జాలిగా తలూపాడు. "పాపం, దానిక్కూడానా?" అని చేయి చాచి, పసిదాన్ని జోకొట్టినట్టు మానిటరు మీద మెల్లగా తట్టాడు. "పోనీలే. పోనీలే."

కళ్ళజోళ్ళాయన గదిలోంచి బయటకు వచ్చేశాడు. వాకిట్లో స్కూటరు దగ్గర నిలబడి జోడు తీసి తుడుచుకుంటుంటే అక్క వెనకే వచ్చింది.

"ఏడవకురా. లోపల ఆ పిల్ల చూస్తే అదీ మొదలెడుతుంది," అంది.

"మిషను ఇక్కడే ఉంచుతానంటోంది టీచరు."

"ఉండనీ. మధ్యాహ్నాలు ఆయన దాని ముందు కూర్చుంటారు. నేనో కునుకు తీయొచ్చు."

ఎదురింటి వాళ్ళు మేడమీద తివాచీ దులుపుతున్నారు.

"నిన్నట్నించీ నన్ను అక్కా అని పిలుస్తున్నార్రా," అంది ఆమె. "నువ్వు పిలవడం విని విని, అదే నా పేరనుకున్నట్టున్నారు."

తమ్ముడు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "నువ్వేమన్నావు?"

"మొదట చెప్పి చూశాను, నేను మీ భార్యనండీ అని. చాలా సిగ్గుపడిపోయి క్షమించమన్నారు. పరాయి ఆడదాన్ని అన్నట్టు దూరంగా జరిగి కూర్చున్నారు. ఆ పూటంతా నేనిచ్చిన అన్నం కూడా తినలేదు. అంతకన్నా ఇదే నయం. అక్క అయితే కనీసం తినిపించనిస్తారు."

లోపలినుంచి ఆయన గొంతు వినిపించింది. "అక్కా, ఒకసారి ఇలా రా. ఎవరో పిలుస్తున్నారు."

"ఆఁ, వస్తున్నా," అని ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది.

కళ్ళజోళ్ళాయన జోడు పెట్టుకుని, స్కూటరు స్టాండు తీయబోయి, మళ్ళీ వేశాడు. చెప్పులు విడిచి, ఆమె వెనకే లోపలికి నడిచాడు.